"వృక్షజాలం పలుచగా ఉంది": జమ్మలమడుగు నాపరాతి నేలల నివేదికలో ఫ్లోరా అనే పదం – ఒక కేస్ స్టడీ

కడప జిల్లా జమ్మలమడుగు వైపు, ఎర్రమల కొండల అంచున ఉన్న నాపరాతి నేలల్లో సున్నపురాయి తవ్వకానికి ఒక భూమిని ప్రతిపాదించారు. దాని పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాలో మొక్కల అధ్యాయాన్ని సరిచూసే పని నాకు వచ్చింది. 2006 సెప్టెంబరు నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టులకు ముందుగా ముసాయిదా తయారవుతుంది. దాని సారాంశాన్ని ఇంగ్లిషుతో పాటు రాష్ట్ర భాషలోనూ ప్రజల ముందుంచాలి. ప్రజాభిప్రాయ సేకరణ ముగిశాక వచ్చిన అభ్యంతరాలను చేర్చి తుది నివేదిక రాస్తారు. తవ్వే భూమిని కోర్ జోన్ అని, దాని చుట్టూ పది కిలోమీటర్ల మేర ప్రాంతాన్ని బఫర్ జోన్ అని పిలుస్తారు. ఈ రెండింటికీ 'ఫ్లోరా, ఫౌనా' (వృక్షజాలం, జంతుజాలం) వివరాలు విడివిడిగా ఇవ్వాలి. మొక్కల వర్గీకరణ చదువుకుని, ఇలాంటి అధ్యాయాలను బయటి నుంచి పరిశీలించేవాణ్ణి కాబట్టి ఈ ముసాయిదా నా దగ్గరకు చేరింది. తయారు చేసిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఇలాంటి అధ్యాయాలు చాలా చోట్ల ఇదే అచ్చులో వస్తుంటాయి.

అధ్యాయం శీర్షిక 'వృక్షజాలం'. దాని కింద మొదటి పేరా ఇలా ఉంది: "ప్రతిపాదిత ప్రాంతంలో వృక్షజాలం పలుచగా ఉంది. సర్కారు తుమ్మ ఆధిపత్యం వహిస్తోంది. చెప్పుకోదగ్గ వృక్షజాలం లేనందున ప్రాజెక్టు ప్రభావం స్వల్పం." ఆ వెంటనే 'కోర్ జోన్ వృక్షజాలం' పేరుతో ఒక పట్టిక ఉంది, అది పేజీ దాటి రెండో పేజీలోకి సాగింది. చెప్పుకోదగ్గ వృక్షజాలమే లేదన్న చోట అంత పొడవైన పట్టిక ఎలా వచ్చిందన్న ప్రశ్న చదివే ఎవరికైనా తట్టాలి. పట్టిక తర్వాతి పేరాలో "వృక్షజాలం నష్టాన్ని హరితవలయం పెంపకంతో పూడ్చుతాము" అని రాశారు. ఒకటిన్నర పేజీలో అదే పదం మొదట నేలను కప్పిన పచ్చదనానికి, తర్వాత జాతుల జాబితాకు, చివర చెట్లకు నిలబడింది. నా పరిశీలన అంతా ఈ మూడు అర్థాలను విడదీయడం మీదే నడిచింది. వాటిని విడదీయకుండా పట్టికను సరిదిద్దడం గానీ, ప్రభావం స్వల్పమా కాదా అని చెప్పడం గానీ వీలుకాదు.

పదం దేనికి, దేనికి కాదు

వృక్షశాస్త్రంలో ఫ్లోరా అంటే ఒక నిర్దిష్ట ప్రాంతంలో, ఒక నిర్దిష్ట కాలంలో పెరిగే మొక్కల జాతులన్నింటి సముదాయం. ఆ సముదాయాన్ని వర్ణించి, గుర్తించే ఆధారాలతో కూర్చిన గ్రంథాన్ని కూడా ఫ్లోరా అనే అంటారు. పువ్వుల దేవతగా రోమన్లు కొలిచిన ఫ్లోరా పేరును డెన్మార్క్ మొక్కల మీద రాసిన గ్రంథానికి సైమన్ పౌలి 1648లో పెట్టాడు. లాప్లాండ్ మొక్కల మీద స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1737లో తెచ్చిన గ్రంథంతో ఆ పేరు శాస్త్రంలో స్థిరపడింది. మన ప్రాంతానికి వస్తే, కడప, కర్నూలు, అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న కాలంలో గాంబుల్ ప్రారంభించి ఫిషర్ పూర్తి చేసిన ప్రెసిడెన్సీ ఫ్లోరా 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వెలువడింది. ఈ జిల్లాల్లో మొక్కల మీద పనిచేసేవారు నేటికీ దాన్ని తిరగేస్తూనే ఉంటారు. అనంతపురం, కర్నూలు జిల్లాలకు ఆ తర్వాత ప్రత్యేక ఫ్లోరా గ్రంథాలు కూడా వచ్చాయి.

ఫ్లోరా 'ఏమేమి ఉన్నాయి' అన్న ప్రశ్నకు జవాబు. 'ఎంత ఉంది, ఎలా పరుచుకుని ఉంది, ఏది ఎక్కువ' అన్న ప్రశ్నకు జవాబు వెజిటేషన్. ఈ రెండింటినీ స్పష్టంగా విడదీసినవాడిగా 19వ శతాబ్దపు స్విస్ శాస్త్రవేత్త జూల్ తుర్మాన్ పేరు చెబుతారు. ఒక ఊరి ఓటర్ల జాబితాకూ, ఆ ఊరి సంతలో కనిపించే జనసమ్మర్దానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. జాబితాలో ప్రతి పేరూ ఒక్కసారే ఉంటుంది, ఆ మనిషి సంతకు వచ్చాడా లేదా అన్నది జాబితాకు పట్టదు. అందువల్ల 'ఫ్లోరా పలుచగా ఉంది' అన్నది శాస్త్రీయంగా అర్థం లేని వాక్యం. ఫ్లోరాలో జాతులు తక్కువ ఉండవచ్చు, ఎక్కువ ఉండవచ్చు. పలుచన, దట్టం అన్నవి వెజిటేషన్‌కు చెందిన గుణాలు.

ఈ తేడాను సమీక్ష సమావేశంలో వివరించడానికి నేను తిమ్మమ్మ మర్రిమానును ఉదాహరణగా వాడాను. ఒకప్పటి అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరికి దగ్గరలో ఉన్న ఆ ఒక్క మర్రి అయిదెకరాలకు పైగా విస్తరించింది. 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. వెజిటేషన్ కొలిచేవారికి ఆ నేల దాదాపు పూర్తిగా కప్పబడిన స్థలం. ఫ్లోరా రాసేవారికి అదంతా ఒకే ఒక్క వరుస: ఫైకస్ బెంగాలెన్సిస్. దీనికి ఎదురుగా రోళ్ళపాడును పెట్టుకోవచ్చు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ గడ్డిభూమి నాటి కర్నూలు జిల్లాలోది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడ పెద్ద చెట్లు బహు తక్కువ. కానీ గడ్డిజాతులను, చిక్కుడు కుటుంబపు నేలమొక్కలను రాసుకుంటూ పోతే మర్రిమాను కింద రాసిన ఒక్క వరుసతో పోల్చలేనంత పెద్ద పట్టిక తయారవుతుంది.

తెలుగులో ఈ గందరగోళానికి మరొక కారణం కూడా ఉంది. ఈ కేసులో అదే కీలకం కాబట్టి ప్రస్తావించక తప్పదు. 'వృక్షజాలం' అన్న పారిభాషిక పదంలో వృక్షం అంటే మొక్క అని శాస్త్రం చదివినవారికి తెలుసు, మామూలు చదువరికి మాత్రం చెట్టే తోస్తుంది. పాఠ్యపుస్తకాల్లో వెజిటేషన్‌కు ఉద్భిజ్జ సంపద, వృక్షసంపద అన్న పదాలు రెండూ వాడుకలో ఉన్నాయి. వీటిలో 'వృక్షసంపద'ను ఫ్లోరాకు బదులుగా వాడినవారూ ఉన్నారు. ఇంగ్లిషు నివేదికలో ఫ్లోరా, వెజిటేషన్ కలగలిసిపోతే, తెలుగు సారాంశంలో ఆ రెండూ చెట్లుగా మారిపోతాయి.

పట్టికను వరుస వరుసగా విప్పినప్పుడు

పట్టికలో మొదట నా దృష్టిని ఆపింది ఎర్రచందనం. టెరోకార్పస్ సాంటలైనస్ తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితమైన జాతి. శేషాచలం, పాలకొండలు, లంకమల వైపు రాతి వాలుల్లో, ముఖ్యంగా క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి నేలల్లో పెరుగుతుంది. ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఉంది. అటువంటి చెట్టు సున్నపురాతి మైదానపు కోర్ జోన్‌లో సహజంగా ఉంటే అది ఈ నివేదికలోని ఏ ఇతర విషయం కంటే ముఖ్యమవుతుంది, 'చెప్పుకోదగ్గ వృక్షజాలం లేదు' అన్న వాక్యం అక్కడికక్కడే కూలిపోతుంది. నేను నేల మీద వెతికితే అది ఆ భూమిలో లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు: కడప జిల్లా మొత్తానికి ఉన్న జాబితా నుంచి కొన్ని వరుసలను తెచ్చి కోర్ జోన్ పట్టికలో పోశారు. జిల్లా ఫ్లోరా జిల్లా హద్దులకే ఫ్లోరా. అందులోని ప్రతి జాతీ జిల్లాలోని ప్రతి ఎకరంలోనూ ఉంటుందని దాని అర్థం కాదు. హద్దు చెప్పకుండా ఫ్లోరా అన్న మాటను వాడితే ఇదే జరుగుతుంది. ఇలా లేని జాతిని చేర్చడం ఒకవైపు హాస్యాస్పదం, మరోవైపు ప్రమాదకరం. ఒక వరుస అబద్ధమని తేలితే, నిజంగా ఉన్న అరుదైన జాతిని రాసిన వరుసను కూడా ఎవరూ నమ్మరు.

రెండో సంగతి, ఒకే మొక్క రెండు పేర్లతో లెక్కకు రావడం. పట్టికలో అకేసియా నైలోటికా ఒక వరుసలో, వాచెలియా నైలోటికా మరొక వరుసలో ఉన్నాయి. రెండూ మన నల్లతుమ్మే. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ అకేసియా అన్న పేరును ఆస్ట్రేలియా జాతులకు ఉంచాలని నిర్ణయించింది, 2011లో మెల్‌బోర్న్ మహాసభ దాన్ని నిలబెట్టింది. దాంతో మన ముళ్ళ తుమ్మలు వాచెలియా అనే ప్రజాతిలోకి (దగ్గరి జాతుల గుంపులోకి), సండ్ర సెనెగాలియా ప్రజాతిలోకి మారాయి. అలాగే తంగేడు కాసియా ఆరిక్యులేటా అని ఒకచోట, సెన్నా ఆరిక్యులేటా అని మరొకచోట కనిపించింది. పాత పుస్తకం నుంచి కొంత, కొత్త పుస్తకం నుంచి కొంత ఎత్తిరాసిన పట్టికకు ఇది కచ్చితమైన ఆనవాలు. నేను ఏ ముసాయిదా తెరిచినా ముందుగా వెతికేది తుమ్మల వరుసలనే. అక్కడ జంట పేర్లు కనిపిస్తే, మిగతా పట్టిక కూడా మొక్కల ముందు నిలబడి రాసింది కాదని దాదాపు తేల్చుకోవచ్చు. పేరు మారినంత మాత్రాన నేల మీది జాతుల సంఖ్య మారదు.

మూడోది, మొక్క అక్కడ ఎలా ఉందన్న స్థితి. పట్టికలో వరి, శనగ, మామిడి, టేకు, వేప, సర్కారు తుమ్మ, పల్లేరు అన్నీ ఒకే వరుసక్రమంలో, ఏ తేడా లేకుండా ఉన్నాయి. ఫ్లోరా రాసేటప్పుడు స్థానికంగా పుట్టినవి, బయటి నుంచి వచ్చి తమంతట తాము స్థిరపడినవి, మనిషి సాగు చేస్తేనే బతికేవి అన్న మూడు స్థితులను వేరు చేయడం ఆనవాయితీ. సాగు మొక్కలను కొందరు పూర్తిగా వదిలేస్తారు, కొందరు గుర్తు పెట్టి చేరుస్తారు. ఏ పద్ధతి పాటించారో చెప్పి తీరాలి. ఈ విషయంలో సర్కారు తుమ్మ ఈ భూమికి దగ్గరి కథే. అమెరికా ఖండపు ఈ ముళ్ళచెట్టును అటవీ అధికారి బెడ్డోమ్ చొరవతో 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించినట్లు అటవీ చరిత్ర చెబుతుంది. ప్రోసోపిస్ జూలిఫ్లోరా అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ చెట్టును ఇటీవలి వర్గీకరణ నెల్టుమా ప్రజాతిలోకి మార్చింది. నూట నలభై ఏళ్ళకు పైగా ఇక్కడే విత్తనాలు రాల్చుకుంటూ పెరుగుతున్న సర్కారు తుమ్మ ఈ భూమి ఫ్లోరాలో సభ్యురాలే, కాకపోతే స్థిరపడిన విదేశీ జాతిగా నమోదు కావాలి. వెజిటేషన్‌లో మాత్రం అది నిజంగానే అధిపతి. 'ఆధిపత్యం' అన్న మాటను ఆ అధ్యాయంలోకి తరలించమని రాశాను.

నాలుగోది నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది. పట్టిక అడుగున, జాతుల వైవిధ్యాన్ని ఒక్క అంకెలో చెప్పే షానన్ వైవిధ్య సూచిక విలువ ఇచ్చారు. ఈ సూచికకు ప్రతి జాతి మొక్కలు మొత్తంలో ఎంత వాటానో తెలియాలి: ఆ వాటాను దాని లాగరిథమ్‌తో గుణించి, అన్ని జాతులకూ కూడి, గుర్తు మారిస్తే విలువ వస్తుంది. కానీ పట్టికలో సంఖ్యల నిలువు వరుసే లేదు. లెక్క ఎలా వచ్చిందో చూద్దామని జాతుల సంఖ్యకు సహజ లాగరిథమ్ తీస్తే, నివేదికలో ఇచ్చిన విలువ దశాంశ స్థానాలతో సహా సరిపోయింది. అన్ని జాతులూ సరిసమానంగా ఉన్నాయని ఊహించుకుంటేనే సూచిక ఆ విలువకు చేరుతుంది. అంటే పై పేరాలో సర్కారు తుమ్మ ఆధిపత్యం వహిస్తోందని చెప్పి, కింది లెక్కలో ఏ ఆధిపత్యమూ లేదని చూపించారు. జాబితాను పరిమాణంగా, పరిమాణాన్ని జాబితాగా పొరబడటానికి ఇంతకంటే సూటి నిదర్శనం నాకు ఎదురుకాలేదు.

ఋతువు

ముసాయిదాకు క్షేత్రపరిశీలన మార్చి, మే నెలల నడుమ జరిగింది. నిబంధనల దృష్ట్యా అందులో తప్పు లేదు. ఇలాంటి ప్రాజెక్టులకు వర్షాకాలం కాని ఒక ఋతువులో సేకరించిన సమాచారాన్ని అంగీకరిస్తారు, వేసవి అందులో ఒకటి. గాలి నాణ్యతకు, నీటి నాణ్యతకు ఆ నియమానికి కారణాలు ఉండవచ్చు. రాయలసీమ ఫ్లోరాకు మాత్రం అది గండి కొట్టే నియమమని నా అభిప్రాయం.

డేనిష్ శాస్త్రవేత్త రౌన్కియర్ మొక్కలను అవి ప్రతికూల ఋతువును ఎలా దాటుతాయన్న దాన్ని బట్టి వర్గాలుగా చేశాడు. ఎండాకాలమంతా విత్తనంగానే ఉండి, వాన పడ్డాక మొలిచి, పూచి, గింజ రాల్చి పోయే మొక్కలను థీరోఫైట్లు అన్నాడు. ప్రపంచం మొత్తం మీద పూలమొక్కల్లో వీటి వాటా సుమారు 13 శాతమని అతని సాధారణ వర్ణపటం చెబుతుంది. పొడి ప్రాంతాల్లో ఆ వాటా బాగా పెరుగుతుంది. వీటికి తోడు నాభి, నేలతాడి వంటివి దుంప రూపంలో నేలలో దాక్కుంటాయి. ఏప్రిల్‌లో జమ్మలమడుగు నాపరాళ్ళ మీద నిలబడి చూసేవాడికి ఈ రెండు వర్గాలూ కంటికి కనిపించవు, అయినా రెండూ అక్కడే ఉంటాయి. ఫ్లోరా అన్న భావనలో కాలం ఒక అంశమని మొదట చెప్పింది ఇందుకే.

ఎండల్లో మొదటిసారి భూమి చూడబోయినప్పుడు ఎదురైన గొర్రెల కాపరి ఒకాయన, నా చేతిలో నోటు పుస్తకం చూసి, "ఇప్పుడు ఈడ ఏముండాది సార్, వాన పడినాక రాండి, కాలు పెట్టేకి సందుండదు" అన్నాడు. వృక్షశాస్త్రవేత్తలు పేజీల కొద్దీ చెప్పే విషయం ఆ మాటలో మొత్తం ఉంది. వానల తర్వాత మళ్ళీ వెళ్ళి చూసినప్పుడు రాళ్ళ సందుల్లో గురుగు, పల్లేరు, చెంచలి, కుక్కవామింట, తుమ్మి, నేలఉసిరి మొలిచి ఉన్నాయి. ఏడాది పొడుగునా బతికే వేళ్ళు గల విష్ణుక్రాంతం, అటికమామిడి మళ్ళీ చిగిర్చాయి. నీడ పడే రాతి నెర్రెల్లో మయూరశిఖ కనిపించింది. అది పువ్వు పూయని ఫెర్న్ జాతి. వేసవి పట్టికలో పల్లేరు తప్ప ఇవేవీ లేవు. వయ్యారిభామ, గడ్డిచామంతి వంటి విదేశీ కలుపు మొక్కలు కూడా వానల తర్వాతే విరివిగా వచ్చాయి కాబట్టి, కొత్త జాబితా అంతా సంతోషించదగ్గ పేర్లేనని నేను అనను.

ప్రతి జాతికీ పూతతో లేదా కాయతో ఉన్న కొమ్మను కోసి, పాత పత్రికల మధ్య నొక్కి ఆరబెట్టి, చోటు, తేదీ, ఎత్తు, నేల రకం రాసి హెర్బేరియం షీటు చేయించాను. నమూనా లేని వరుస సాక్ష్యం లేని వాంగ్మూలమే కాబట్టి, నమూనా దొరకని జాతులను 'చూసినది మాత్రమే' అన్న గుర్తుతో వేరుగా పెట్టాము. గడ్డి జాతుల విషయంలో ఈ పట్టుదల మరీ అవసరం. పుష్పగుచ్ఛం లేకుండా వాటిని పోల్చుకోవడం ఆరితేరినవారికీ కష్టమే, ముసాయిదాలోనేమో వాటన్నిటినీ కలిపి 'గడ్డి' అని ఒక్క వరుసలో ముగించారు.

వెజిటేషన్‌కు వేరే కొలత

వెజిటేషన్ అధ్యాయం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, పద్ధతి తెలిసినదే. చెట్లకు పది మీటర్ల చదరం, పొదలకు అయిదు మీటర్ల చదరం, నేలమొక్కలకు మీటరు చదరం గల క్వాడ్రాట్లను భూమి మీద అక్కడక్కడ వేసి, ప్రతి దానిలోనూ మొక్కలను లెక్కపెట్టి, సాంద్రత, పౌనఃపున్యం (ఎన్ని చదరాల్లో కనిపించిందన్న లెక్క), కప్పుదల లెక్కగట్టారు. షానన్ సూచిక ఇక్కడికి మారింది, ఈసారి నిజమైన సంఖ్యల నుంచి వచ్చింది. సర్కారు తుమ్మ వాటా పెద్దది కావడం వల్ల కొత్త విలువ పాతదాని కంటే తక్కువగా తేలింది. అంటే జాబితా పెరిగింది, సూచిక తగ్గింది. సంస్థ ప్రతినిధి ఒకరు ఇది పరస్పర విరుద్ధమని అభ్యంతరం చెప్పారు. జాతుల సంఖ్యా, వాటి మధ్య సమానతా రెండు వేర్వేరు సంగతులని, ఒకే జాతి పెత్తనం చేసే చోట జాబితా ఎంత పొడవున్నా సూచిక తగ్గవచ్చని వివరించాక అభ్యంతరం ఆగింది. ఆ సంభాషణ జరగడమే నాకు తృప్తినిచ్చింది, ఎందుకంటే రెండు పదాలనూ రెండుగా చూసినప్పుడే ఆ అభ్యంతరం పుడుతుంది.

తెలుగు సారాంశం

ప్రజాభిప్రాయ సేకరణకు ముందు తెలుగు సారాంశాన్ని దగ్గరి ఊళ్ళో కొందరికి చదివి వినిపించమని సూచించాను. మొదటి ముసాయిదాలోని "చెప్పుకోదగ్గ వృక్షజాలం లేదు" అన్న వాక్యం విని అక్కడున్నవారు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఒక రైతు, "చెట్లు యాడుండాయి సార్, ఉండేదంతా సర్కారు తుమ్మే గదా" అని ఒప్పుకున్నాడు కూడా. ఆయన విన్న ప్రశ్నకు ఆయన జవాబు సరైనదే, కాకపోతే నివేదిక అడగవలసిన ప్రశ్న అది కాదు. పక్కన కూర్చున్న ఒక పెద్దామెను, "అవ్వా, వాన పడినాక మీ గొర్రెలు ఆ రాళ్ళమీద ఏమేం మేస్తాయి?" అని అడిగాను. "అబ్బో, అవన్నీ చెప్పాలంటే పొద్దుగూకుతాది నాయనా" అంటూ మొదలుపెట్టి, గొర్రెలు తినేవి, తిననివి, మనుషులు కూర వండుకునేవి, పుండుకు రాసేవి అని వేరు చేస్తూ చెప్పుకుపోయింది. కొన్ని పేర్లు మా జాబితాలో లేవు. వాటిలో ఎక్కువ భాగం మేము శాస్త్రీయ నామంతో రాసినవాటికే ఊరి పేర్లని తేలింది, కొన్ని మాత్రం వెతికి చేర్చవలసినవి. ఆ మాటలను సాక్ష్యంగా కాక, ఎక్కడ వెతకాలో చెప్పే ఆనవాళ్ళుగా వాడాము. నమూనా దొరికాకే వరుస చేరింది.

దీని తర్వాత తెలుగు సారాంశంలో 'వృక్షజాలం' అన్న పదాన్ని ఒంటరిగా వాడవద్దని సలహా ఇచ్చాను. మొదటిసారి వచ్చినచోట 'వృక్షజాలం, అంటే చెట్లు, పొదలు, తీగలు, గడ్డి, నేలమొక్కలతో కలిపి ఇక్కడ పెరిగే అన్ని మొక్కల రకాలు' అని విప్పి రాయాలి. పచ్చదనం గురించి చెప్పేచోట 'నేలను మొక్కలు ఎంత మేర కప్పాయి' అని తిన్నగా రాయాలి. 'ఉద్భిజ్జ సంపద' శాస్త్రీయంగా సరైన పదమే, కానీ గ్రామసభలో అది ఎవరికీ అందదు.

జాబితా హద్దు మీద ఒక చిన్న చర్చ కూడా జరిగింది. సున్నపురాతి మీద పట్టే లైకెన్లను, అంటే శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవులను, ఫ్లోరాలో చేర్చాలా అని ఒకరు అడిగారు. పూర్వం బాక్టీరియాను, శిలీంధ్రాలను మొక్కల్లోనే కలిపేవారు, పేగుల్లోని సూక్ష్మజీవులను వైద్యులు ఇప్పటికీ ఫ్లోరా అనడం ఆ కాలపు మిగులే. శాస్త్రరచనల్లో దానికి బదులు మైక్రోబయోటా అన్న పదం స్థిరపడింది. శిలీంధ్రాలు మొక్కలు కావు కాబట్టి వాటి సముదాయాన్ని ఫంగా అని వేరుగా పిలవాలన్న ప్రతిపాదనను ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయుసిఎన్‌కు చెందిన జాతుల కమిషన్ 2021లో సమర్థించింది. ఈ నివేదికకు మేము 'పూలమొక్కలు, ఫెర్న్‌లు మాత్రమే' అని పరిధిని పట్టిక నెత్తిన రాయించాము. లైకెన్లను వదిలేశామని అందరికీ తెలిసేలా చెప్పడం, అరకొరగా చేర్చి అన్నీ చేర్చినట్లు కనిపించడం కంటే మేలు.

హరితవలయం, పైమట్టి

ఈ కేసులో అసలు చిక్కు హరితవలయం దగ్గర తేలింది. ఫ్లోరా అంటే పచ్చదనమే అనుకుంటే, తవ్వకం చుట్టూ త్వరగా పెరిగే చెట్లను వరుసలుగా నాటి నష్టం పూడ్చామని చెప్పుకోవచ్చు. నాటదలచిన జాబితాలో మొదట ఉన్నది ఆస్ట్రేలియా ప్రాంతపు అకేసియా ఆరిక్యులిఫార్మిస్. అది దుమ్మును ఆపుతుంది, నీడనిస్తుంది, వెజిటేషన్‌ను పెంచుతుంది. గురుగునూ చెంచలినీ మయూరశిఖనూ మాత్రం తిరిగి తేలేదు. హరితవలయం అవసరం లేదని నేను రాయలేదు. అది దేనికి పరిహారమో, దేనికి కాదో రాయమని కోరాను.

ఫ్లోరా నష్టానికి సంబంధించి నేను చేసిన సూచన పైమట్టి మీద. థీరోఫైట్ల విత్తనాలు చాలావరకు పైపొరలోనే ఉంటాయి. తవ్వకానికి ముందు ఆ పొరను విడిగా తీసి, లోపలి మట్టితో కలపకుండా, ఎత్తైన గుట్టలుగా కాక పలుచని దిబ్బలుగా ఉంచి, వీలైనంత త్వరగా పూడ్చిన చోట పరిస్తే కొన్ని జాతులైనా మళ్ళీ మొలిచే అవకాశం ఉంది. ఏళ్ళ తరబడి నిల్వ ఉంచితే విత్తనాల మొలకశక్తి తగ్గుతుంది. గనుల ప్రణాళికల్లో పైమట్టి నిల్వ ఎలాగూ ఉంటుంది, కానీ దాన్ని హరితవలయానికి ఎరువు మట్టిగా చూడటమే అలవాటు. జాతుల జాబితా సరిగ్గా ఉంటే ఆ మట్టి విలువ వేరుగా కనిపిస్తుంది. తవ్వకం జరగాలా వద్దా అన్న దాని మీద నా పత్రంలో ఏమీ రాయలేదు, అది నన్ను అడిగిన ప్రశ్న కాదు.

సవరించిన ముసాయిదాలో ఆ మొదటి పేరా ఇప్పుడు ఇలా ఉంది: "ప్రతిపాదిత భూమిలో చెట్లు తక్కువ, ఉన్నవాటిలో సర్కారు తుమ్మ ఎక్కువ. నేలను మొక్కలు కప్పే మేర వేసవిలో తక్కువగానూ వానల తర్వాత ఎక్కువగానూ ఉంటుంది. ఇక్కడ సహజంగా పెరిగే మొక్కల రకాల్లో అధికభాగం వానల తర్వాత మాత్రమే కనిపించే నేలమొక్కలు, గడ్డిజాతులు. వాటి జాబితా అనుబంధంలో ఉంది." ఎర్రచందనం కోర్ జోన్ పట్టిక నుంచి తొలగింది. బఫర్ జోన్ పట్టికలో దాన్ని ఉంచాలా అన్నది ఆ పది కిలోమీటర్లలోని కొండవాలులను విడిగా చూశాకే తేల్చాలని రాసుకున్నారు. అధ్యాయం శీర్షికను 'వృక్షజాలం, ఉద్భిజ్జం' అని రెండుగా మార్చడానికి సంస్థవారు ఒప్పుకోలేదు. నిర్దేశిత నమూనాలో ఒకే శీర్షిక ఉందన్నారు. ఉపశీర్షికలతో సర్దుకున్నాము.

ఒక వరుస మాత్రం పూర్తి కాలేదు. కాపరులు కుందేటికొమ్ములు అని పిలిచి పచ్చిగానే నమిలే కాడల మొక్క రాళ్ళ మధ్య రెండు రూపాల్లో దొరికింది. కుందేటికొమ్ములు చేరే కారల్లూమా జాతులను, వాటి దగ్గరి బంధువులను కాడ చూసి రూఢిగా విడదీయలేము, పువ్వు కావాలి. మేము వెళ్ళిన సమయానికి రెండింటిలో ఒకటి పూయలేదు. దాన్ని ప్రజాతి పేరుతో మాత్రమే రాసి, జాతి నిర్ధారణ కాలేదని గుర్తు పెట్టి, మొత్తం జాతుల సంఖ్యలో కలపకుండా ఉంచాము. పూసిన నమూనా వచ్చాక అనుబంధానికి సవరణగా చేరుస్తారు.